డ్రైవర్ లేదు

తాడిపత్రిలో ఎండ కంటే ముందు
రంపం నిద్ర లేస్తాది.
బండల మీంచి కారే తెల్లనీళ్లు
షెడ్డు గుమ్మం దాటి, రోడ్డెక్కి
ఒలికిన మజ్జిగ మాదిరి ఎండిపోతాయి.

ఆ షెడ్డు మూలన
మూత తీసిన టిఫిన్ డబ్బా పక్కన
అరచేతంత బోర్డు, దానికి గోరంత కెమెరా.
బండల్లో నెర్రె కనిపెట్టాల ఇది.
దాన్నే ఇంతవరకూ బోర్డు కనిపెట్టలేదు.

పొద్దున్నుంచీ అడుగుతాండా: ఉందా?
లేదు, అంటాది లినక్స్.
మొహమాటం లేదు దానికి.
చక్కెర డబ్బా ఎదురుగానే ఉన్నా
మూత తీసే చెయ్యి లేకుంటే
ఇంట్లో చక్కెర లేదనే అంటాది.

"ఏమైందమ్మా?" అన్నాడు షెడ్డు సంజీవరాయుడు.
"డ్రైవర్ లేదన్నా."
"ముందే చెప్పొచ్చు గదా!"
ఒక్క కేక వేసినాడు. లారీ కింద నుంచి
గ్రీజు చేతుల్తో పెన్నోబులేసు వచ్చినాడు.

నేను నవ్వలేదు.
నవ్వితే వివరించాల. వివరిస్తే
నాకూ సగమే తెలుసని తెలిసిపోతాది.

గోనెపట్ట మీద కూచుని అడిగినాడు:
"ఏం తోలాలక్కా?"
చూపు.
గాజు మీద పడిన వెలుతురును
ఈ పట్టీ వైరు గుండా, ఒలికిపోకుండా
తెర దాకా తోలాల.
"లోడెంత?"
సెకనుకు ముప్పై బొమ్మలు.
"ఓవర్‌లోడే" అన్నాడు, తల పంకించి.

కెర్నెల్ది ఒక వెర్షను, మాడ్యూల్ది ఇంకొకటి.
ఇద్దరికీ పొసగదు. హెడర్లు దింపుకోవాల.
ఫోన్‌కు ఒకే గీత సిగ్నలు,
అదీ కిటికీలో పెడితేనే.
నలభై శాతం కాడ కరెంటు పోయింది.

రంపం ఆగింది.
అప్పుడు వినపడింది
హుసేనప్ప తాత బండను తట్టడం.
టంగ్. టంగ్. టంగ్.
టక్.
అక్కడ సుద్దతో గీత గీసినాడు.
ఆయన కండ్లకు పొరలొచ్చి మూడేండ్లు.
ఈ కెమెరా ఎవరి పనికి వచ్చిందో
ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.
పొద్దున నాకు టీ చెప్పింది ఆయనే.

కరెంటొచ్చింది. కంపైల్ అయింది.
హెచ్చరికలు రెండు, తప్పులు లేవు.
మాడ్యూల్ ఎక్కించినా.
లాగ్ తెరిస్తే: సెన్సార్ పలకడం లేదు.

ఓబులేసు ఫోన్ టార్చి వేసి వంగినాడు.
"పట్టీ తిరగబడిందేమో సూడక్కా.
నేనూ ఒకసారి డిప్పర్ వైరు అట్లే బిగించి
గుత్తి కాడ తెల్లార్లూ నిలబడినా."
నీలం అంచు ఇటు ఉండాల.
అటుంది.

ఆరు గంటలు. ఒక తిప్పు.

వీడియో జీరో.
ఆలస్యంగా వచ్చి వాకిలి కాడ నిలబడిన
బడిపిల్లోని మాదిరి
జాబితాలో ఒక్క పేరు.

మొదట పట్టింది పచ్చ. తెరంతా పచ్చ.
"వరిమడా?" అన్నాడు ఓబులేసు ఆశగా.
ఫార్మాట్ మార్చినా, గులాబీ అయింది.
మళ్లీ మార్చినా.

వచ్చింది. పది సెకండ్లు.
తడిసిన నల్లబండ. సుద్దగీత.
గీత పక్కన ఒక వేలి కణుపు
లేస్తాది, పడతాది, లేస్తాది.

"నెర్రె యాడమ్మా?" అన్నాడు రాయుడన్న.
పెద్దది చేసి చూసినా కనపడలేదు.
"ఇంకా నేర్పాలన్నా దానికి."
"ఎవరు?"
నేను లాగ్ చదువుతున్నట్టు తల వంచుకున్నా.

తాత వచ్చి తెరకు ఆనించినాడు,
కన్ను కాదు, చెవి.
చానాసేపు అట్లే ఉన్నాడు.
"సద్దు రాలేదే పాపా."
"మైకు లేదు తాతా."
"ఓ" అన్నాడు. పాపం అన్నట్టు,
కెమెరాను చూసి.

నోట్‌బుక్‌లో రాసుకున్నా:
రేపు మైకు. దానికీ డ్రైవర్ కావాల.
ఓబులేసు అప్పటికే స్టీరింగ్ ముందున్నాడు.
"రేపు నేనుండనక్కా,
బళ్లారికి లోడుంది."